కంప్యూటరు శాస్త్రం తెలుగులో ఎందుకు చెప్పరాదు?

కంప్యూటరు అంటే ఇంగ్లీషే అనే అభిప్రాయం మన సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలలో గట్టిగా నాటుకొనిపోయింది. హోసూరు దాటితే బెంగళూరు. అక్కడ కొలువు దొరకాలంటే పిల్లవాడిని ఒకటవ తరగతి నుండే ఇంగ్లీషు బడిలో వేయాలని వేప్పనపల్లి తల్లిదండ్రులు కూడ తలపోస్తున్నారు. ఆ ఆరాటాన్ని నేను తప్పుపట్టను. కాని దాని వెనుకనున్న ఊహను పరీక్షించవలసి ఉన్నది. కంప్యూటరు వాడకం వేరు, కంప్యూటరు శాస్త్రం వేరు. మొదటిదానికి యంత్రం కావాలి. రెండవదాని మూలాలకు పలకా బలపమూ, తేటగా ఆలోచించగల భాషా చాలు.

ఎస్. రావు కొసరాజు గారి పేరు మన ఇళ్లలో ఎందరు విన్నారు? ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లోనూ చదివి, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన తెలుగువారు ఆయన. 1978లో ఆయన కనుగొన్న ఒక పద్ధతిని నేడు ప్రపంచమంతటా కంప్యూటరు విద్యార్థులు ఆయన పేరుతోనే చదువుకొంటున్నారు. ఆయన దానిని స్వయంగా అచ్చువేయలేదు. మీకా షరీర్ అనే మరొక శాస్త్రజ్ఞుడు స్వతంత్రంగా కనుగొని 1981లో ప్రకటించాడు.

ఆ సమస్యను మన మాటల్లోనే చెప్పవచ్చు. కొన్ని ఊళ్లున్నవి. వాటి మధ్య దారులున్నవి గాని, ఒక్కో దారిలో ఒకే దిక్కుగా పోవచ్చు. ఏ ఊరి నుండి ఏ ఊరికైనా పోయి మళ్లీ తిరిగి రాగల ఊళ్లను జట్లు జట్లుగా విడదీయాలి. కొసరాజు గారి పద్ధతి ఇది. ఒక ఊరి నుండి బయలుదేరి, కొత్త ఊరు దొరికినంత మేర ముందుకు సాగాలి. ఇక పోదగిన కొత్త ఊరు లేనప్పుడు ఆ ఊరి పేరు రాసుకొని వెనుదిరగాలి. ఊళ్లన్నీ ముగిశాక దారుల దిక్కులన్నీ తిరగవేయాలి. ఇప్పుడు చివర రాసుకొన్న ఊరి నుండి మొదలుపెట్టి వరుసగా పైకి వస్తూ మళ్లీ తిరగాలి. ఒక్కో విడతలో చేరుకొన్న కొత్త ఊళ్లన్నీ ఒక్కో జట్టు. వేప్పనపల్లి, సూళగిరి, కృష్ణగిరి, కుప్పం అని నేలమీద గీసి చూపితే ఎనిమిదవ తరగతి పిల్లలు దీనిని గ్రహించలేరా?

పలుచోట్లనున్న యంత్రాలు కలిసి పనిచేసే వ్యవస్థల శాస్త్రం కూడ ఇటువంటిదే. అందరికీ ఒకే గడియారం లేనప్పుడు ఏది ముందు, ఏది తరువాత అని ఎట్లా తేల్చాలి? 1978లోనే లెస్లీ లాంపోర్ట్ దీనికి సమాధానం చెప్పాడు. కుప్పంలో ఉత్తరం వేశారు, వేప్పనపల్లిలో అందుకొన్నారు. రెండు గడియారాలు ఏకం కాకపోయినా వేయడమే ముందు, అందడమే తరువాత. కబురు ద్వారా ముడిపడని సంఘటనలలో ఏది ముందో చెప్పలేము.

1985లో ఫిషర్, లించ్, పాటర్సన్ అనే ముగ్గురు మరొక సంగతి నిరూపించారు. కబురు చేరడానికి కాలపరిమితి లేనిచోట, ఒక్క యంత్రం ఆగిపోయే అవకాశమున్నా, పాచికలు వేసినట్లు యాదృచ్ఛికతను వాడుకోకుండా యంత్రాలన్నింటినీ తప్పక ఏకాభిప్రాయానికి తెచ్చే పద్ధతి ఏదీ ఉండదు. బదులు రాని యంత్రం చచ్చిందో, దాని కబురు ఇంకా దారిలో ఉన్నదో తక్కినవాటికి తెలియకపోవడమే ఇందులోని మర్మం. గణిత సిద్ధాంతం కోర్టులో వాదన కాజాలదు. అయినా న్యాయవాదిగా నాకొకటి తోస్తుంది. తెలుగు తరగతి కావాలని ఎవరూ అడగలేదు గనుక అక్కర లేదని తీర్మానించడం ఎంత తొందరపాటు! మౌనం లేమికి సాక్ష్యం కాదు.

1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఏ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని చెబుతున్నది. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. తమిళంతో మనకు తగవు లేదు. ఇరుగుపొరుగు భాషను మన పిల్లలు చక్కగా నేర్వవలసిందే. కాని తెలుగు తరగతిలో పద్యాలూ కథలూ మాత్రమే ఉండి, శాస్త్రమంతా పరభాషలో ఉంటే, పోరాడి నిలుపుకొన్న హక్కులో సారం ఏమి మిగులుతుంది?

తెలుగులో మాటలు లేవనేవారున్నారు. పైన చెప్పినదంతా ఊరు, దారి, ఉత్తరం, గడియారం అనే మాటలతోనే సాగింది. మాటలు చాలనిచోట ఉన్న పదాన్ని తెలుగు లిపిలో తెచ్చుకొందాం. ఇంగ్లీషు లేనిదే పరిశోధన పత్రాలు చదవలేరనడం నిజమే. ఇంగ్లీషు నేర్వాలి, బాగా నేర్వాలి. కాని అది అర్థమైన విషయాన్ని లోకానికి చెప్పడానికి సాధనం కావాలి గాని, అర్థం కాకుండా అడ్డునిలిచే గోడ కారాదు. 2002లో కాన్పూర్ ఐ.ఐ.టి.లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఒక సంఖ్య ప్రధానసంఖ్య అవునో కాదో త్వరగా, నిస్సందేహంగా తేల్చే పద్ధతిని కనుగొన్నారు. ఆ ముగ్గురిలో ఇద్దరు అప్పుడే పట్టా చదువు ముగించిన కుర్రవాళ్లు. ఆ ఫలితానికి ఆధారం ఖరీదైన ప్రయోగశాల కాదు, ఆలోచన.

అందుచేత ప్రభుత్వాన్ని అడగవలసింది అడుగుతూనే, మనం చేయగలిగింది మొదలుపెడదాం. లెక్కల పంతులు ఒకరూ, బెంగళూరులో కంప్యూటరు పని చేస్తున్న మన ఊరి యువకుడు ఒకరూ కలిస్తే చాలు. బడిలోనో గ్రంథాలయంలోనో నెలకొక్క పాఠం. ముందు తెలుగులో చెప్పాలి, ఆపైన అదే సంగతికి తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉన్న పేర్లు తెలపాలి. మూడు రాష్ట్రాలు కలిసే చోట పెరిగే మన పిల్లలకు మూడు భాషలు బరువు కావు. ఆలోచించడానికి తమదైన భాష ఒకటి లేకపోవడమే బరువు.