దిండుకు ఎండ, డాబాకు తాళం

మన ఇళ్ళలో శుభ్రత అంతా కంటికి కనిపించే చోటే ఆగిపోతుందని నాకెప్పుడూ అనిపిస్తుంది. స్టవ్ గట్టు పూటకోసారి తుడుస్తాం. గుమ్మం ముందు రోజూ కడుగుతాం. ఒకరు తాగిన గ్లాసు తొలవనిదే ఇంకొకరం తాగం. మరి రోజూ ఏడెనిమిది గంటలు మొహం ఆనించి పడుకునే దిండు సంగతో? వారానికోసారి గలీబు మారుస్తాం, అంతే. లోపలి దిండు కొన్ననాటి నుంచి పారేసేనాటి దాకా నీళ్ళనీ చూడదు, ఎండనీ చూడదు. నమ్మకపోతే ఇవాళే ఒక గలీబు తీసి చూడండి. తలనూనె, చెమట, చొంగ కలిసి గీసిన పసుప్పచ్చ దేశపటం ఒకటి కనిపిస్తుంది.

రజాయిల సంగతి ఇంకా అన్యాయం. మా విశాఖపట్నంలో ఒకప్పుడు రజాయి అంటే ధనుర్మాసం నెల్లాళ్ళ ముచ్చట. ఇప్పుడు ఏసీల పుణ్యమా అని నడి మే నెలలో కూడా నిండా కప్పుకుని పడుకుంటున్నాం. అంటే ఏడాది పొడుగునా వాడే వస్తువైంది. వాడకం పన్నెండు రెట్లు పెరిగింది కానీ, ఉతకడం మాత్రం "చలికాలం వెళ్ళాక చూద్దాంలే" దగ్గరే ఉండిపోయింది.

దీన్ని ఆడవాళ్ళ బద్ధకం అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. మన అమ్మలు, అమ్మమ్మలు ఏటా చేసిన పనే ఇది. మనం మానేశామంటే అందుకు రెండు కారణాలు. ఆ పని ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు, అయినా ఒక్కరి నెత్తినే పడింది. పోనీ ఎలాగో చేద్దామన్నా ఎండ తగిలే చోటు లేదు.

పాతరోజులు గుర్తు చేసుకోండి. ఎండలు ముదరగానే పరుపులు, దిండ్లు వాకిట్లోకో డాబా మీదకో వచ్చేవి. నవారు మంచాలు, నులక మంచాలు ఎండలో ఏటవాలుగా నిలబెట్టి, నల్లులు పోవడానికి సందుల్లో సలసల కాగే నీళ్ళు పోసేవారు. దూది ఏకేవాళ్ళు భుజాన విల్లు వేసుకుని వీధిలోకి వస్తే ఆ టంగు టంగు చప్పుడు నాలుగిళ్ళ అవతలికి వినిపించేది. గడ్డకట్టిన పాత దూదిని విప్పించి, ఏకించి, ఎండబెట్టి, ఉతికి ఆరిన సంచిలో మళ్ళీ నింపించేవారు. ఆ రోజుల్లో అన్నీ బాగున్నాయని నేను అనను. కానీ పరుపు మోసి డాబా ఎక్కించేది ఇంట్లో మగవాళ్ళు. తడి బొంత పిండేటప్పుడు ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకునేవారు. పిల్లలకి కాకుల్ని తోలే డ్యూటీ. అది ఇంటిల్లిపాది పని.

ఎండబెట్టడం చాదస్తం కాదు. దుమ్ములో, పక్కబట్టల్లో బతికే సన్నటి పురుగులు ఉంటాయి. డస్ట్ మైట్లు అంటారు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు. అవి కుట్టవు, కరవవు. మన ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టు తింటాయి. నీళ్ళు తాగవు, గాల్లోని తేమనే పీల్చుకుని బతుకుతాయి. అందుకే వాటికి సముద్రపు ఊళ్ళంటే ప్రాణం. గాల్లో తేమ సగానికి తక్కువైతే మెల్లగా ఎండిపోతాయి. మా ఊళ్ళో అలాంటి రోజులు ఏడాదిలో ఎన్నని? పొద్దున్నే లేచీ లేవగానే వరసగా తుమ్ములు, కళ్ళ దురద, పిల్లలకి పిల్లికూతలు వస్తుంటే చాలాసార్లు ఆ పురుగుల రెట్టే కారణం. ఎండకి పురుగు చస్తుంది గానీ రెట్ట అక్కడే ఉంటుంది. అందుకే ఎండబెట్టాక బాగా దులపాలి, ఉతికే వీలున్నవి ఉతకాలి. దులిపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్ళని ఆ దరిదాపుల్లోకి రానీయకండి.

ఏది ఉతకాలి, ఏది ఎండకే సరిపెట్టాలి అన్నది లోపలి సరుకుని బట్టి ఉంటుంది.

బూరుగు దూది దిండ్లని తడపకూడదు. ఆ పోగుకి మైనం లాంటి పూత ఉంటుంది, నీటిని పీల్చుకోదు, తేలుతుంది. ఒకప్పుడు పడవల్లో ప్రాణరక్షణ జాకెట్లలో కూర్చింది ఈ దూదినే. అయినా సంచి తడిస్తే దూదంతా ఉండకట్టి మధ్యలో చెమ్మ నిలిచిపోతుంది. దానికి ఎండే స్నానం. పూటకోసారి తిరగేస్తూ రెండు రోజులు వేయండి, చేత్తో తట్టి పొంగించండి. పత్తి దూది దిండ్లకీ, పరుపులకీ ఇదే పద్ధతి.

ఇప్పుడు ఎక్కువగా దొరికే మైక్రోఫైబర్ దిండ్లు నిక్షేపంగా ఉతకొచ్చు. లేబుల్ ఒకసారి చూసి, మెషిన్లో ఒకటి కాకుండా రెండు వేయండి, డ్రమ్ము బరువు సమంగా ఉంటుంది. సబ్బు మామూలుగా వేసే దాంట్లో సగం చాలు, జాడించడం మాత్రం ఒకసారి ఎక్కువ. లేబుల్ ఒప్పుకుంటే 60 డిగ్రీల వేడినీళ్ళు పెట్టండి. చన్నీళ్ళకి మురికి పోతుంది గానీ పురుగులు చాలావరకు చావవు. ఆరడానికి రెండు ఎండలు పడుతుంది. పైన పొడిగా తగిలి లోపల చెమ్మ ఉంటే బూజు వాసన పట్టుకుంటుంది, ఇక వదలదు. దిండు మధ్యలో గట్టిగా నొక్కి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదనే.

మెమరీ ఫోమ్ దిండుని మాత్రం నీళ్ళలో ముంచకండి, మండుటెండలోనూ పెట్టకండి. ఫోము చిట్లిపోతుంది. తొడుగు ఉతికి, దిండుని గాలి ఆడే నీడలో ఒక పూట ఉంచితే చాలు.

పాత చీరల బొంతలు, కుట్టు దగ్గర దగ్గరగా ఉన్నవి, హాయిగా ఉతకొచ్చు. డబుల్ కాట్ రజాయిని మాత్రం ఆరు కిలోల మెషిన్లో కుక్కకండి. అది లోపల తిరగదు, సబ్బు వదలదు. చిన్నవి మెషిన్లో, పెద్దవి బాత్రూంలో కాళ్ళతో తొక్కి ఉతకడమే మేలు.

అసలు పేచీ ఇక్కడే మొదలవుతుంది. పొడిగా ఉన్నప్పుడు చంటిపిల్లలా చేతుల్లో ఒదిగే రజాయి, తడిసేసరికి గున్న ఏనుగు. దాన్ని ఎత్తలేం, పిండలేం, ఒంటిచేత్తో తీగ మీదకి విసరలేం. నడుము పట్టేసి వారం రోజులు మూవ్ రాసుకు తిరిగిన ఆడవాళ్ళు మా అపార్ట్‌మెంట్లోనే నలుగురున్నారు. కప్పుకునేది నలుగురు, ఉతికేది ఒకరు. ఇదెక్కడి లెక్క?

"పనమ్మాయి ఉందిగా" అంటారు కొందరు. రోజువారీ బట్టలకి మాట్లాడుకున్న మనిషి చేత నాలుగంతస్తులు తడి రజాయి మోయించడం ఇంకో ఆడదాని నడుము విరగ్గొట్టడమే. చేయిస్తే వేరే డబ్బులివ్వాలి, పక్కన ఇంకో మనిషి సాయం పట్టాలి. "లాండ్రీకి పడెయ్యొచ్చుగా" అంటారు ఇంకొందరు. వేసే స్తోమత ఉన్నవాళ్ళు వేయండి, తప్పేం లేదు. కానీ ఇంట్లో నాలుగు రజాయిలు, ఎనిమిది దిండ్లు ఉంటే ఆ బిల్లు చూసి, ఏడాదికోసారి కూడా వేయబుద్ధి కాదు.

మా ఇంట్లో ఇప్పుడున్న పద్ధతి చెబుతాను. ఎవరి దిండు వాళ్ళదే. మావారు, మా అబ్బాయి, మా అమ్మాయి ఎవరి దిండు వాళ్ళే తీసుకెళ్ళి ఎండలో వేసి, తిరగేసి, తెచ్చుకోవాలి. రజాయి ఉతికే రోజు మోత, పిండటం మగవాళ్ళిద్దరివీ. మా అత్తయ్యగారు మొదట్లో "మగపిల్లాడి చేత ఏంటే ఇవి" అన్నారు. "మీ మామయ్యగారు పరుపులు మోయలేదా అత్తయ్యా?" అన్నాను. ఆవిడ నవ్వేసి, "మోసేవారు, తిట్టుకుంటూ" అన్నారు. మా వాళ్ళూ తిట్టుకుంటూనే మోస్తున్నారు. ఫరవాలేదు, పని అవుతోంది.

ఇక చోటు సంగతి. చాలా అపార్ట్‌మెంట్లలో డాబాకి తాళం. బాల్కనీ గోడ మీద దుప్పటి వేలాడితే వెంటనే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫొటో. "బిల్డింగ్ అందం పోతోంది" అట. డాబా తాళానికి వాళ్ళు చెప్పే కారణాలు కొన్ని నిజమే. పిల్లలు పైకెక్కి పిట్టగోడ మీద ఆడతారు, మంచినీళ్ళ ట్యాంకు మూత ఎవరో తీస్తారు, సిగరెట్ పీకలు పడేస్తారు. ఒప్పుకుంటాను. దానికి తాళం ఉండాలి, నిజమే. తాళంచెవి ఎవరికీ అందకుండా ఉండాలా? అందరం మెయింటెనెన్స్ కడుతున్నాం, ఆ డాబా అందరిదీ.

అందం మాటకొస్తే, జపాన్‌లో ఎండ కాసిన రోజున బాల్కనీల నిండా పరుపులు వేలాడతాయి. వెదురు బద్దలతో దులుపుతారు కూడా. ఆ దేశం పరువేమీ పోలేదు. అమెరికాలోని మనవాళ్ళు కాలనీ నిబంధనలకి భయపడి పెరట్లో తీగ కట్టరు గానీ, ఫ్లోరిడా, వెర్మాంట్ లాంటి రాష్ట్రాల్లో బట్టలారేసే తీగని నిషేధించకూడదని చట్టాలే ఉన్నాయి. ఎండ తక్కువైన దేశాలు ఎండని అంత గౌరవిస్తుంటే, రథసప్తమికి సూర్యుడికి ఎదురుగా పాలు పొంగించి పరమాన్నం వండే మనం ఆయన వెలుగుని తాళం వేసి బయట పెడుతున్నాం.

మా అసోసియేషన్ మీటింగులో నేను అడిగింది చాలా చిన్న కోరిక. ఆదివారం పొద్దున్న తొమ్మిది నుంచి మూడు దాకా డాబా తెరవాలి. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర పుస్తకంలో సంతకం పెట్టి తీసుకోవాలి. ట్యాంకు మూతకి వేరే తాళం. పిల్లలు వెంట పెద్దలు లేకుండా రాకూడదు. అంతస్తుకో ఆదివారం. ఒకాయన "ఇలాంటి ఆడవాళ్ళ విషయాలు మీటింగుల్లో ఎందుకండీ?" అన్నారు. రెండో అంతస్తులో ఉబ్బసం ఉన్న పిల్లాడి తండ్రి లేచి, "మా వాడి డాక్టరు చెప్పిన మొదటి మందు ఇదేనండీ" అన్నాడు. ఇక ఎవరూ మాట్లాడలేదు. మూడు నెలలు చూద్దామన్నారు. ఏడాది దాటింది, ట్యాంకుకీ పిట్టగోడకీ ఏమీ కాలేదు.

మీ ఇంటికి నేను చెప్పే క్యాలెండర్ ఇది. శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుంది కదా, ఆ తర్వాత వచ్చే ఆదివారం రజాయిలు ఉతికి ఆరేయండి. రోహిణి కార్తెలో దూది దిండ్లు, పరుపులు. వానలు వెళ్ళాక దసరా సెలవుల్లో ఇంకోసారి అన్నీ. ఏసీ గదిలో కప్పుకునేవైతే నెలకోసారి ఎండ చూపించండి, రెండు మూడు నెలలకోసారి ఉతకండి. సాయంత్రం నాలుగు లోపే లోపలికి తెచ్చేయండి, పొద్దు వాలితే మళ్ళీ చెమ్మ పట్టేస్తుంది. వేడి చల్లారాక మడతపెట్టండి.

వచ్చే అసోసియేషన్ మీటింగు అజెండాలో లిఫ్టు, పార్కింగు, బోరు ఎలాగూ ఉంటాయి. వాటి కింద "డాబా తాళంచెవి" అని ఒక లైను రాయించండి. మీరు ఒక్కరే అడిగితే గొణుగుడంటారు. ముందు పక్కింటావిడతో మాట్లాడి, ఇద్దరూ కలిసి వెళ్ళండి.