నీకెందుకురా తుపాకీ?

ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని రూల్సు 1995లో వచ్చాయి. మన మీటింగుల్లో ఎఫ్‌ఐఆర్ గురించి చెప్తాం, నష్టపరిహారం గురించి చెప్తాం. మూడో రూలు సంగతి ఎత్తేవాళ్ళు తక్కువ.

ఆ రూలు ఏం చెప్తోంది? అత్యాచారం జరగొచ్చని అనుమానమున్న ప్రాంతాన్ని సర్కారు ముందే గుర్తించాలి. అక్కడ ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళ తుపాకీ లైసెన్సులు, వాళ్ళవే కాదు, దగ్గరి చుట్టాలవీ, పాలేర్లవీ, ఇంటి స్నేహితులవీ కూడా, అవసరమనుకుంటే రద్దుచేసి ఆయుధాలు సర్కారు కొట్లో జమచేయించాలి. దొంగ తుపాకులు పట్టుకోవాలి. మన ప్రాణం, మన ఆస్తి కాపాడ్డానికి అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకి తుపాకీ లైసెన్సులివ్వాలి. ఇది నక్సలైట్ల కరపత్రంలో మాట కాదు. భారత ప్రభుత్వం గెజిట్‌లో అచ్చేసిన మాట.

మా గోపాలపట్నం వైపు ఒక కుర్రాడున్నాడు. కాంట్రాక్టు కూలీ. పెద్దకులం పిల్లని రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాడు. చంపుతామని ఫోన్లు. లైసెన్సుకి ఎలగ పెట్టుకోవాలో కనుక్కుందామని ఒక ఆఫీసుకి వెళ్తే, బల్ల దగ్గరున్నాయన కూర్చోమనలేదు సరిగదా, "నీకెందుకురా తుపాకీ, కాకుల్ని కొట్టుకుంటావేటి?" అనీసి నవ్వేడట. కాగితం ముట్టలేదు. నోటిమాటతో పంపించేసేడు.

ఆ నవ్వు ఆయనొక్కడిది కాదు. 1878లో లిట్టన్ దొర కాలంలో ఆయుధాల చట్టం తెచ్చారు. తెల్లవాళ్ళకి లైసెన్సు అక్కర్లేదు, దేశస్తులకి కావాలి. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే ఊరు మన చేతిలో కత్తి లేకుండా చేసింది. ఆయుధం పట్టే హక్కు లేకపోబట్టే కింది కులాలు తిరగబడలేకపోయాయని బాబాసాహెబు 1936లోనే 'కులనిర్మూలన'లో వాదించారు. సముద్రం అవతలా ఇదే కథ. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద 1956 జనవరిలో బాంబు వేశారు. అహింసే తన దారి అన్న ఆ మనిషి కూడా కుటుంబం కోసం తుపాకీ దగ్గర ఉంచుకునే పర్మిటు అడిగాడు. అలబామా అధికార్లు ఇవ్వలేదు.

ఇప్పుడు మన దేశంలో నడుస్తున్నది 1959 ఆయుధాల చట్టం. దాని 14వ సెక్షను చదవండి. చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణం మీద లైసెన్సు కాదనకూడదు. కాదంటే కారణం రాయాలి. ప్రజాప్రయోజనం అడ్డొస్తుందనుకుంటే తప్ప, మనం అడిగినప్పుడు ఆ కారణం మన చేతికివ్వాలి. 18వ సెక్షను కింద అప్పీలు ఉంది. అందుకే ఆ ఆఫీసాయన కాగితం ముట్టలేదు. కాగితం తీసుకుంటే కాగితం ఇవ్వాలి.

లైసెన్సిచ్చేది విశాఖ సిటీలో పోలీసు కమిషనరు, పల్లెల్లో కలెక్టరు. ఎవరిచ్చినా ముందు పోలీసు రిపోర్టు కావాలి. రాసేదెవరు? 2020 జులైలో తూర్పుగోదావరి సీతానగరం స్టేషన్లో దళిత కుర్రాడికి గుండు గీయించిన శాఖ. అదే ఏడాది మే నెలలో డాక్టరు సుధాకర్ గారిని విశాఖ నడిరోడ్డు మీద చేతులు వెనక్కి విరిచికట్టిన శాఖ. నువ్వు నమ్మదగినవాడివో కాదో వాళ్ళు రాయాలి!

సరే, లైసెన్సు వచ్చిందే అనుకుందాం. ఆడవాళ్ళ కోసమని 2014లో కాన్పూరు ఫ్యాక్టరీ 'నిర్భీక్' రివాల్వరు తెచ్చింది. అప్పట్లో ధర 1 లక్షా 22 వేలు. కూలివాడు ఏడాదంతా పస్తుండి కొనాలి. కొన్నాక పెట్టుకోడానికి తాళమేసే గట్టి పెట్టె కావాలి, రేకుల షెడ్డులో!

"అయితే అందర్నీ తుపాకులు కొనమంటావా మాస్టారూ?" అని అడిగేవాళ్ళున్నారు. అనను. కారంచేడులో 1985 జులై 17న ఆరుగుర్ని, చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. మన ఉత్తరాంధ్రలోనే, మద్దువలస రిజర్వాయరు భూముల కాడ, లక్ష్మీపేటలో 2012 జూన్ 12న ఐదుగుర్ని చంపారు. ఊరంతా గొడ్డళ్ళు, బరిసెలతో మీదపడితే ఒక్కడి నడుములో ఆరు గుళ్ళు ఏం చేస్తాయి? చుండూరులో పోలీసులుండగానే జరిగింది. 2014లో హైకోర్టు ముద్దాయిలందర్నీ వదిలేసింది.

అందుకని నేను ముందు అడగమనేది మనకి లైసెన్సు కాదు. వాళ్ళ లైసెన్సుల రద్దు. అది కుదిరే పని కాదంటారా? ఎన్నికల షెడ్యూలు రానివ్వండి. బ్యాంకు గార్డుల్లాంటి కొందరికి తప్ప లైసెన్సు తుపాకులన్నీ రోజుల్లో స్టేషన్లకి చేరతాయి. ఏ ఇంట్లో ఏ తుపాకీ ఉందో, నంబరుతో సహా లిస్టు వాళ్ళ దగ్గరుంది. ఓట్ల పెట్టె కోసం చేయగలిగిన పని మాలపేట కోసం, మాదిగవాడ కోసం ఎందుకు చేయరు? నలుగురిలోకి తీసుకెళ్తే తుపాకీ పూర్తిగా కప్పి ఉంచాలని 2016 ఆయుధాల రూల్సులో ఉంది. కూలిరేటు అడగడానికెళ్తే అరుగు మీద అందరికీ కనపడేట్టు పెట్టుకు కూర్చునే పెత్తందారుకి ఆ రూలు ఎవరైనా చదివి వినిపించారా?

కుర్రాళ్ళకి ఒక మాట. కోపంలో నాటు తుపాకీ జోలికి పోకండి. 2019 సవరణ తరవాత లైసెన్సు లేని తుపాకీకి తక్కువలో తక్కువ రెండేళ్ళు జైలు, ఐదేళ్ళ దాకా వెయ్యొచ్చు. ఆ కేసు పెట్టడానికి మాత్రం ఎవరూ నవ్వరు, కాగితం కూడా వెంటనే దొరుకుతుంది.

సంఘాలు చేయాల్సింది ఇది. మీ జిల్లాలో మొత్తం తుపాకీ లైసెన్సులెన్ని, అందులో ఎస్సీ, ఎస్టీలకెన్ని, 1995 నుంచి మూడో రూలు కింద రద్దయినవెన్ని అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. పేర్లు ఇవ్వమంటారు, లెక్కలు అడగండి. కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి జరగాల్సిన జిల్లా విజిలెన్సు కమిటీలో ఆ లెక్క మీద చర్చ పెట్టించండి. బెదిరింపు ఉన్న ప్రతి మనిషి చేతా మూడో రూలు పేరు రాయించి దరఖాస్తు పెట్టించండి. రెండు కాపీలు పట్టుకెళ్ళి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. వెయ్యకపోతే స్పీడుపోస్టులో పంపి రసీదు దాచండి. కాదన్న కాగితాలు పత్రికకి పంపండి. దరఖాస్తుదారు పేరు తీసేసి, కాదన్న అధికారి హోదా, తేదీ ఉంచి, వరసగా అచ్చేద్దాం.