ఫోను చెప్పింది సరే, మీరేమంటారు?

పిల్లలూ! మొన్న జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా పదో తరగతి విద్యార్థులను బడికి రమ్మన్నాను. ఆవరణలోని వేపచెట్టు ఎత్తు ఎంతో ఎవరికి తోచిన పద్ధతిలో వారు కనుక్కోవాలి. తిరువూరు ఎండ జనవరిలో హాయిగానే ఉంటుంది.

ఒక అబ్బాయి ఇంటి నుంచి వాళ్ల నాన్నగారి ఫోను తెచ్చాడు. అందులో ఎత్తు కొలిచే ఏర్పాటు ఉంది. క్షణంలో "ఇరవై ఆరున్నర మీటర్లు సార్!" అన్నాడు. ఒక అమ్మాయి మీటరు కర్ర నిలబెట్టి దాని నీడ కొలిచింది: 80 సెంటీమీటర్లు. అదే సమయంలో చెట్టు నీడ 7 మీటర్ల 20 సెంటీమీటర్లు. అంటే చెట్టు ఎత్తు 9 మీటర్లు.

తప్పు ఎక్కడ జరిగింది? చిటారు కొమ్మను చూసే కోణం 45 డిగ్రీలని ఫోను సరిగానే కొలిచింది. చెట్టుకు ఎంత దూరంలో నిలబడ్డామో మాత్రం మనమే దానికి చెప్పాలి. మనవాడు 25 అడుగుల దూరంలో నిలబడి, మీటర్లు వేయవలసిన చోట 25 అని వేశాడు. కోణం 45 డిగ్రీలైతే ఎత్తూ, దూరమూ సమానం కదా! ఆ 25కు, ఫోను పట్టుకున్న ఎత్తు మీటరున్నర కలిపి అది 26.5 అంది. నిజానికి 25 అడుగులంటే సుమారు ఏడున్నర మీటర్లు. మీటరున్నర కలిపితే 9. ఫోను చేసింది మీ పదో తరగతి త్రికోణమితే!

అడుగులకూ మీటర్లకూ తికమక పడటం పెద్ద తప్పేమీ కాదు. నన్ను బాధపెట్టింది వేరే. 26 మీటర్లంటే ఎనిమిదంతస్తుల మేడ. మా వేపచెట్టు రెండంతస్తుల బడి డాబాను కాస్త దాటుతుంది, అంతే. ఆ అబ్బాయి ఒక్కసారి తలెత్తి చెట్టుకేసి చూడలేదు. అడిగితే "ఫోను చెప్పింది సార్" అన్నాడు.

మీలో చాలామంది పుట్టేసరికే ఇంట్లో ఫోను ఉంది. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు పాఠాలు కూడా అందులోనే విన్నారు. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. "మావాడు ఫోనులో అన్నీ చేసేస్తాడండీ" అని కొందరు తల్లిదండ్రులు మురిసిపోతారు. "ఫోనే పిల్లల్ని చెడగొట్టింది" అని కొందరు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. రెండూ సరికాదని నా అభిప్రాయం.

1984లో మన దేశంలో కొన్ని పాఠశాలలకు 'క్లాస్' పథకం కింద బి.బి.సి. మైక్రో అనే కంప్యూటర్లు ఇచ్చారు. ఇంగ్లండులో పిల్లలు వాటినే ఇంట్లో టెలివిజనుకు తగిలించి వాడేవారు. దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. 4 గిగాబైట్ల మామూలు ఫోను దానికి లక్ష రెట్లకు పైమాటే. కానీ ఆ యంత్రం మీట నొక్కగానే బొమ్మలు చూపేది కాదు. ఒక చిన్న గుర్తు వెలిగించి, మీ ఆజ్ఞ కోసం ఎదురుచూసేది. ఏం చేయాలో పిల్లలే ఆలోచించి, బేసిక్ భాషలో వరుసగా రాసి చెప్పేవారు. నేటి ఫోను తెరవగానే తనే ఏదో చూపిస్తుంది. మనం చూస్తూ కూర్చుంటాం.

అందుకే ఫోనును అడిగే ముందు మీ అంచనా కాగితం మీద రాసుకోండి. జవాబు వచ్చాక రెండింటినీ పోల్చండి. తేడా వస్తే, అది దేన్ని కొలిచింది, మీరు దానికి ఏం చెప్పారు అని వెతకండి. ఆ వెతుకులాటే సైన్సు.

పెద్దలకు ఒక మాట. నీడ కొలిచిన అమ్మాయి ఇంట్లో కూడా ఫోను ఉంది. పగలు నాన్నతో మామిడితోటకు వెళుతుంది, రాత్రి అన్న చేతిలో ఉంటుంది. ఆ అమ్మాయికి రోజూ కాసేపు ఫోను అందాలి. ఆ అబ్బాయి చేతికి మీటరు కర్ర అందాలి.

— ఒక సైన్సు ఉపాధ్యాయుడు, తిరువూరు