ఆ యుద్ధం ఆపడానికి ఇంకో ఆడమనిషి దొరక్కపోతుందా!

మా పాపకు ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్. మంచివాడిలాగే ఉన్నాడు. పెళ్లిచూపులకు మా ఇంటికి వచ్చినప్పుడు తాను తాగిన కాఫీ గ్లాసు తానే తీసుకెళ్లి సింకులో పెట్టాడు. అలాంటివి నేను చూస్తాను, మీరూ చూస్తారని తెలుసు. తర్వాత ఇద్దరూ నంబర్లు తీసుకుని మెసేజీలు పెట్టుకుంటున్నారు. ఒకరోజు ఆ అబ్బాయి ఒక పాత ఇంగ్లీషు సీరియల్ ఎపిసోడ్ పేరు చెప్పి, "నేను చూసినవాటిలో గొప్ప ప్రేమకథ ఇదే, తప్పకుండా చూడు" అన్నాడట. మా పాప నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకుంది. మధ్యాహ్నం పూట, బయట అనంతపురం ఎండ గురించి చెప్పేదేముంది. మా వీధికి నీళ్లు వచ్చేది మరుసటి రోజు. గిన్నెలు అప్పటిదాకా ఆగాల్సిందే. కూర్చున్నాను.

గంట కూడా లేదు ఆ ఎపిసోడు. అది అయిపోయినప్పటి నుంచి నాకు కడుపు రగులుతూనే ఉంది.

సీరియల్ స్టార్ ట్రెక్. ఎపిసోడ్ పేరు 'మెటమార్ఫసిస్', అంటే రూపం మారడం. 1967 నవంబరు 10న అమెరికాలో వచ్చింది. రాసింది జీన్ ఎల్. కూన్ అనే ఆయన. చూసినవాళ్లు ఓపిక పట్టండి, చూడనివాళ్లకు కథ చెబుతాను.

కాక్రేన్ అని ఒక పెద్ద శాస్త్రవేత్త. కాంతి కంటే వేగంగా పోయే ఓడలకు దారి చూపినవాడు. ఎనభై ఏడేళ్లప్పుడు, ఎలాగూ పోయేవాణ్ణే కదా, అంతరిక్షంలోనే పోతానని ఒంటరిగా ఓడెక్కి వెళ్లిపోతాడు. ఎక్కడో ఒక చిన్న గ్రహం దగ్గర మబ్బులాంటిది ఒకటి అతన్ని పట్టుకుంటుంది. దానికి ఒళ్లు లేదు. ముఖం లేదు, చేతుల్లేవు. మెరిసే పొగ, ఆ పొగలో ఒక మనసు. అతను దానికి 'కంపానియన్' అని పేరు పెట్టుకున్నాడు, తోడు అన్నమాట. ఆ తోడు అతన్ని మళ్లీ పడుచువాణ్ణి చేసి, అతని అవసరాలన్నీ చూసుకుంటూ 150 ఏళ్లు కాపాడుతుంది. అతనికి విసుగొచ్చి, మనుషులు లేకపోతే నేను చచ్చిపోతాను అంటే, ఆ మాట పట్టుకుని దారిన పోతున్న ఒక చిన్న ఓడను లాక్కొచ్చేస్తుంది. అందులో కెప్టెన్ కర్క్, స్పాక్, డాక్టర్ మెకాయ్ ఉంటారు. ఇంకొక ఆడమనిషి కూడా ఉంటుంది. ఆమె సంగతి తర్వాత.

ఆ పొగమనసు దగ్గరే కాసేపు ఆగాలి నేను. స్పాక్ ఒక తర్జుమా యంత్రం పెట్టి దాన్ని మాట్లాడిస్తాడు. వచ్చింది ఆడగొంతు! ఆడా మగా అన్నది విశ్వమంతా ఉండేదే, ఇది ఆడదే, నిన్ను ప్రేమిస్తోంది అని కర్క్ తేల్చేస్తాడు. అప్పుడు కాక్రేన్ ముఖం చూడాలి మీరు. అసహ్యం. ఇన్నాళ్లూ నా దగ్గర ఇలాంటిదా ఉన్నది అన్నట్టు. ఒక మనిషి కోసం 150 ఏళ్లు చాకిరీ చేసినదాన్ని అతను మొదటిసారి సరిగ్గా చూసింది ఆ రోజు. చూడగానే పుట్టింది రోత.

ఒళ్లు లేని మనసు అంటే ఏదో గొప్ప ఊహ అని అబ్బాయిలు మురిసిపోతారు. నాకు మాత్రం మా అత్త గుర్తొచ్చింది. వానకు ముందు విత్తనం కాయలు ఒలిచే రోజుల్లో ఆమె బొటనవేలి గోరు అరిగి నెత్తురు కనపడేది. గుడ్డ పేలిక చుట్టుకుని మళ్లీ ఒలిచేది. మూటలు మూటలు. అదంతా అయ్యాక మా మామ అరుగు మీద కూర్చుని "ఈ ఏడు నేను ఆరెకరాల్లో చెనక్కాయ వేసినా" అనేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. చేను మెతకగా ఉందని నాగలి చూసి చెప్పగలిగినవాడికి ఆ గోరు కనపడలేదు, అంతే. ఒకసారి ఆమె జ్వరంతో ఎనిమిది రోజులు మంచం పడితే, ఇంట్లో ఉప్పు ఏ జాడీలో ఉంటుందో అడగడానికి ఆమె దగ్గరికే వచ్చాడు. పొద్దున లేచేసరికి తొట్టి నిండి ఉంటుంది, సంగటి ఉంటుంది, ఉతికిన పంచె ఉంటుంది. చేసిన మనిషి మాత్రం పొగ.

ధర్మవరం వెళ్లి చూడండి. పట్టుచీర నేసే ఇంట్లో కండెలు చుట్టేది ఎవరు? కూలి లెక్కలో ఉండేది మగ్గం మీద కూర్చున్నవాడి పేరు. 2019లో కేంద్రం వాళ్లు దేశమంతటా జనం రోజు ఎలా గడుపుతున్నారో సర్వే చేశారు. జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లకు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లకు 97 నిమిషాలు తేలింది. అదీ ఇంటి పని ఎంతో కొంత చేసే మగవాళ్ల సగటు మాత్రమే. ఈ 97 సంగతి చెబితే మా పక్కింటి వదిన టీ పొలమారేంత నవ్వింది.

సరే, ఆ ఆడమనిషి దగ్గరికి వద్దాం. పేరు నాన్సీ హెడ్‌ఫర్డ్. కమిషనర్. ఒక గ్రహంలో జరగబోయే యుద్ధాన్ని ఆపడం ఆమె పని. మాట్లాడి, ఒప్పించి, రెండు పక్షాలనూ ఒకచోట కూర్చోబెట్టే మనిషి. మధ్యలో జబ్బు పడితే, వైద్యం కోసం పెద్ద ఓడకు తీసుకెళ్తున్నారు. అంత పెద్ద ఉద్యోగం చేసే ఆమెను ఆ రచయిత ఎలా చూపించాడో తెలుసా? చిరాకు, కోపం, ప్రతిదానికీ సణుగుడు. నా పని ఆగిపోతోందని ఆమె అంటుంటే ఆ ముగ్గురు మగవాళ్లు ఓర్చుకుంటున్నట్టు ముఖాలు పెడతారు. ఒళ్లు కాలిపోతూ, ఆ పక్క యుద్ధం ముంచుకొస్తూ ఉంటే సణగక ఏం చేయాలమ్మా? (ఆ వేషం వేసిన ఎలినార్ డొనాహ్యూ అంతకు ముందు 'ఫాదర్ నోస్ బెస్ట్' అనే సీరియల్‌లో పెద్ద కూతురుగా అందరికీ తెలిసిన అమ్మాయి. ఆ పేరుకు అర్థం నాన్నకే బాగా తెలుసు అని. నేను ఏమీ అనను.)

చివరికి జబ్బు ముదిరి పడుకున్నప్పుడు ఆమె చేత ఒక మాట అనిపిస్తారు. పనిలో నేను మంచిదాన్నే, కానీ నన్నెవరూ ప్రేమించలేదు అని. ఆ మాట అనిపించడమే గుంత తవ్వడం. ఆ పక్క కర్క్ పొగమనసుకు నచ్చజెబుతాడు, నువ్వు మనిషివి కావు, అతను నిన్ను ప్రేమించలేడు అని. వెంటనే అది వెళ్లి ఆమె ఒంట్లో చేరిపోతుంది. జబ్బు మాయం. లేచి నడిచి వచ్చి 'మేము' అంటుంది. అదే మనసు, అదే చాకిరీ, ఇప్పుడు చక్కటి ముఖం ఉంది, అంతే తేడా. కాక్రేన్‌కు రోత పోయి ప్రేమ పుట్టుకొస్తుంది. ఇదీ గొప్ప ప్రేమకథ!

మా పాపే వాదించింది నాతో. "అమ్మా, ఆమె ఎలాగూ చనిపోయేది కదా, బతికించింది కదా" అని. ఎందుకు చనిపోయే దశకు వచ్చింది మరి? వైద్యానికి పోతున్న ఓడను దారి మళ్లించి ఆపింది ఆ మబ్బే. ఒక మగవాడి ఒంటరితనం తీర్చడానికి. "ఆ మబ్బు కూడా చావు లేని బతుకు వదులుకుంది, అతను కూడా అక్కడే ఉండిపోయాడు" అంది. నిజమే, ఒప్పుకుంటాను. వాళ్లిద్దరూ వదులుకున్నది వాళ్లది. హెడ్‌ఫర్డ్‌ది ఎవరు వదులుకున్నారు? ఆమె ముందుగా సరే అన్నట్టు మనకు ఎక్కడా చూపించరు. కళ్లు మూసుకుని ఉన్న మనిషి, కళ్లు తెరిచేసరికి ఇద్దరయింది. ఆ తర్వాత ఆమె నోటితో వచ్చిన సరే ఎవరిదని నమ్మాలి?

అడగడం తెలియక కాదు వాళ్లకు. మూడు నెలల తర్వాత, 1968 ఫిబ్రవరి 9న, అదే సీరియల్‌లో 'రిటర్న్ టు టుమారో' అని ఇంకో ఎపిసోడ్ వచ్చింది. అక్కడ కూడా ఒళ్లు లేని మనసులే, ఐదు లక్షల ఏళ్లుగా గోళాల్లో ఉన్నవి. కొద్దికాలం ఒళ్లు అరువు కావాలంటాయి. ఈసారి కావాల్సినవి కెప్టెన్‌వి, స్పాక్‌వి, ఇంకొక డాక్టరమ్మవి. అప్పుడేమో బల్ల చుట్టూ కూర్చుని చర్చ. మెకాయ్ వద్దంటాడు, కర్క్ పెద్ద ఉపన్యాసం ఇస్తాడు, ఎవరికి వారు ఒప్పుకుంటారు. కెప్టెన్ ఒళ్లయితే అనుమతి కావాలి. మన పరకాయ ప్రవేశం కథలోనూ శంకరులు అమరుక రాజు శరీరంలోకి పోయేముందు, తన ఒళ్లు జాగ్రత్త అని శిష్యులకు అప్పగించే వెళ్లారు. ఆ రాజుగారి రాణులను ఎవరూ అడగలేదనుకోండి, ఆ గొడవ ఇంకోసారి.

అసలు మంట చివరి నిమిషంలో ఉంది. ఓడకు తిరిగి వెళ్తూ మెకాయ్‌కు గుర్తొస్తుంది, మరి ఆ యుద్ధం సంగతేమిటి అంటాడు. కర్క్ తేలిగ్గా చెబుతాడు, ఆ యుద్ధం ఆపడానికి ఎక్కడో ఇంకో ఆడమనిషి దొరక్కపోదులే అని. ఎపిసోడ్ అయిపోయింది.

మా పాప, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఎందుకంటే ఆ మాట మేం పది రోజుల ముందే విన్నాం.

మా పాప ఒక స్వచ్ఛంద సంస్థలో పని చేస్తుంది. మన జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, అదీ పడితే. ఒక రైతు మూడొందల అడుగులు తవ్వితే పక్కవాడు ఐదొందలు తవ్వుతాడు, ఇద్దరి బోర్లూ ఎండుతాయి, ఇద్దరికీ అప్పు మిగులుతుంది. బోరున్న రైతులను, లేని రైతులను ఒక చెట్టు కింద కూర్చోబెట్టి, కొత్త బోర్లు వేయకుండా ఉన్న నీళ్లు పంచుకుందామని ఒప్పించడం దాని పని. ఒక ఊరు ఒప్పుకోవడానికి రెండేళ్లు పట్టింది. మొదటి మీటింగులో రాళ్లు లేచాయి. ఇప్పుడు ఆ ఊళ్లో ఎండాకాలం తడి కట్టాలంటే "పాపను పిలవండి" అంటారు.

అబ్బాయి వాళ్లమ్మ ఫోన్ చేసింది. చాలా మర్యాదగా, నవ్వుతూ, "పెళ్లయినాక బెంగళూరులో ఉండాల్సిందే కదా వదినా. ఆ పల్లెల పనికి ఏముంది, ఇంకో పిల్ల దొరక్కపోతుందా" అంది. నేను ఏమన్నాను? "అవును వదినా" అన్నాను. పదిమందికి నీతులు చెప్పే నేనే. ఆ రాత్రి పాప నాతో మాట్లాడలేదు. అరవై ఏళ్ల కిందటి అమెరికా కెప్టెన్ మా ఇంటి ఫోన్‌లో మాట్లాడాడని నాకప్పుడు తెలియదు.

పాప ఆ అబ్బాయికి రాసింది, చివరి మాట విన్నావా అని. వాడు నిజాయితీగానే జవాబిచ్చాడు. నాలుగుసార్లు చూశాను, ఆ మాట ఎప్పుడూ గమనించలేదు, మళ్లీ చూస్తాను అని. మా ఆయన అదే పట్టుకుని, "చూస్తానన్నాడు కదా, ఒక సీరియల్ డైలాగుకు మంచి సంబంధం చెడగొట్టుకుంటామా" అంటున్నారు. నేను చెడగొట్టలేదండీ. ఆయనను ఒక్కటే అడిగాను, మన ఇంట్లో ఉప్పు ఏ డబ్బాలో ఉంది అని. పేపరు తీసుకుని వరండాలోకి వెళ్లారు.

మొన్న వాళ్లమ్మకు నేనే ఫోన్ చేశాను. "వదినా, ఆ రోజు అవును అన్నాను, తప్పు. ఆ పనికి ఇంకో పిల్ల దొరుకుతుందో లేదో నాకు తెలియదు, మీకూ తెలియదు. పిల్లను అడగకుండా మనమిద్దరం మాట్లాడేసుకున్నాం" అన్నాను. అటు పక్క కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "నేను కూడా పెళ్లికి ముందు టీచరుగా చేశాను వదినా, మూడేళ్లు" అంది. ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు.

వచ్చే ఆదివారం మాటలకు వస్తామని కబురు పెట్టారు. ఆదివారం పాపకు ఊళ్లో మీటింగు ఉంది, రెండు కొత్త బోర్ల పంచాయతీ. వాయిదా వేసుకోమని ఈసారి నేను చెప్పలేదు. సాయంత్రం ఆరు తర్వాత రమ్మని వాళ్లకే చెప్పాను.