మన వంటిల్లు: పండు దాచిన బిస్కెట్లు

సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లలకు సాయంకాలం కొత్తగా ఏమి చేసి పెట్టాలా అని తల్లులు ఆలోచిస్తుంటారు. అమెరికా దక్షిణ రాష్ట్రాలవారు వేసవిలో ఇష్టంగా తినే పీచ్ కాబ్లర్‌ను చూసి, అదే రుచితో కుకీలు, అనగా బిస్కెట్లు, చేస్తున్నారు. ఈ నెల వాటిని గురించి వ్రాస్తున్నాము.

కాబ్లర్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. లోతైన పాత్రలో తరిగిన పండ్లు, పంచదార వేసి, పైన పిండిముద్దలు పరచి కాలుస్తారు. కింద పండు ఉడికి పాకమవుతుంది, పైన పిండి రొట్టెలా పొంగుతుంది. 19వ శతాబ్దములో బండ్లు కట్టుకొని పడమటికి తరలిపోయిన కుటుంబాలకు ఓవెన్లు ఎక్కడివి? కాళ్లున్న ఇనుప పాత్రను నిప్పుల మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి కాల్చుకున్నారు. కనుక మనలో ఓవెన్ లేనివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు.

పీచ్ పండుకు నూగు తోలు, లోపల ఒకే టెంక ఉంటాయి. మన దేశములో ఇది హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండల్లో పండుతుంది. జార్జియా రాష్ట్రము 1995లో దీనిని తమ రాష్ట్ర ఫలముగా ప్రకటించుకొంది. అక్కడే 1870ల్లో శామ్యూల్ రంఫ్ అనే రైతు ఒక రకాన్ని పెంచి, భార్య పేరున ఎల్బెర్టా అని పిలిచాడు. గట్టి కండ, సులువుగా ఊడే టెంక, దూరప్రయాణానికి తట్టుకొనే గుణము దానివి. కండ గట్టిదనములో మనకు దగ్గరి పండు బంగినపల్లి మామిడి. రసాలు జుర్రుకోవడానికే బాగు, ముక్కలకు నిలువవు. ధర పడిపోయి, మార్కెట్టుకు పంపితే బండి కిరాయి కూడా రాని రోజుల్లో, ఇంట మగ్గిన పండ్లు కుళ్లకముందే ఇలా వాడుకోవచ్చును.

ఈ వంటలో కష్టమంతా పండులోని నీటితోనే. పచ్చి ముక్కలు పెట్టి కాల్చితే రసము దిగి, బిస్కెట్ అడుగు ముద్దవుతుంది. కాబట్టి 300 గ్రాముల పండు ముక్కలకు 50 గ్రాముల పంచదార, ఒక చెంచా నిమ్మరసము, చిటికెడు దాల్చినచెక్క పొడి కలిపి సన్నని సెగన ఉడికించాలి. చివర చెంచాడు మొక్కజొన్న పిండిని కొద్ది నీళ్లలో కలిపి పోయాలి. గరిటెతో అడుగున గీత గీస్తే, ఆ గీత వెంటనే పూడిపోకూడదు. అంతవరకు దించవద్దు. పూర్తిగా చల్లారనివ్వండి.

పిండికి 120 గ్రాముల వెన్న, 80 గ్రాముల పంచదార పొడి బాగా గిలకొట్టి, ఒక గుడ్డు పచ్చసొన, 200 గ్రాముల మైదా, అర చెంచా బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు కలపండి. చపాతీ పిండిలా పిసకరాదు, గట్టిపడుతుంది. ఎండకాలములో వెన్న కరిగి పిండి జారిపోతుంది గనుక తెల్లవారుజామున కలపడం మంచిది. ఫ్రిజ్ లేనివారు గిన్నెను చన్నీళ్లలో అరగంట ఉంచవచ్చును. గుప్పెడు పిండి తీసి పక్కన పెట్టి, మిగిలినది నిమ్మకాయంత ఉండలు చేసి, బొటనవ్రేలితో గుంట నొక్కి, చెంచాడు పండు నింపండి. పక్కనున్న పిండిని పొడిపొడిగా నలిపి పైన చల్లండి. కాబ్లర్ పోలిక వచ్చేది దీనితోనే.

ఓవెన్ ఉంటే 180 డిగ్రీల వేడిలో 15 నిమిషాలు పడుతుంది. లేకుంటే మందపాటి గిన్నెలో పొడి ఇసుక పోసి పది నిమిషాలు వేడిచేసి, దానిమీద స్టాండు, స్టాండు మీద పళ్లెము ఉంచి మూత పెట్టండి. సన్నసెగన 20, 25 నిమిషాలు కావచ్చు. అంచులు ఎర్రబడటమే గురుతు. మూత మీద నిప్పులు పోసేవారు ఆరుబయట మాత్రమే చేయాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల వాయువు ప్రాణాలు తీస్తుంది. దానికి వాసన కూడా ఉండదు. మరియు వేడి పండు నాలుకను బాగా కాలుస్తుంది గనుక, చల్లారేవరకు పిల్లలను ఆపండి!

ఇవి రెండు రోజులకు మించి నిలువవు. హాస్టలుకు పంపదలచిన తల్లులు ఉడికించిన పండుకు బదులు మామిడి తాండ్రను చిన్న ముక్కలు చేసి పెట్టండి. అందులోని నీటిని ఎండ ముందే తీసివేసింది గదా. ఆత్రేయపురపు తాండ్రయినా సరే, మీ డాబా మీద మీరు ఎండబెట్టుకున్నదైనా సరే. తాండ్రకే తీపి ఎక్కువ గనుక పిండిలో పంచదార 60 గ్రాములు చాలును.