దస్తావేజుల్లో వివక్ష

డిగ్రీ విద్యార్థుల పరిశోధన అనగానే మనకు గుర్తొచ్చేది జిరాక్స్ షాపులో బైండింగ్ చేయించిన ప్రాజెక్టు రిపోర్టే. సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సంగతి వేరు. ప్రొఫెసర్ జేమ్స్ గ్రెగరీ సారథ్యంలో 2004లో మొదలైన పౌరహక్కుల, కార్మిక చరిత్ర ప్రాజెక్టులో డిగ్రీ విద్యార్థులూ పాలుపంచుకున్నారు. పాత ఇళ్ల దస్తావేజులు తిరగేస్తే జాతి నిషేధాలు బయటపడ్డాయి. నల్లవారికి, ఆసియావాసులకు, కొన్నిచోట్ల యూదులకూ ఆ ఇళ్లు అమ్మరాదు, వారు అక్కడ ఉండరాదు. ఇంటి పనివాళ్లకు మాత్రం మినహాయింపు! గిన్నెలు తోమడానికి పనికొచ్చిన మనిషి పొరుగువాడిగా పనికిరాడన్నమాట.

ఈ షరతులను కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లోనే తేల్చింది. 1968 నాటి చట్టం వాటిని నిషేధించింది. కాగితాల్లో మాత్రం అవి చెక్కుచెదరలేదు. విద్యార్థులు తవ్వి తీశాక కదలిక వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రమంతటా ఇలాంటి దస్తావేజులను వెతకడానికి 2021లో శాసనసభ నిధులిచ్చింది. నాటి వివక్షకు గురైనవారికి, వారి వారసులకు ఇల్లు కొనుక్కోవడంలో సాయపడే చట్టం 2023లో వచ్చింది. మార్కులతో ముగిసిపోయే మన ప్రాజెక్టులకు ఇంత ఆయుష్షు ఎక్కడిది?

ఆ ప్రాంతంలో పాత ఇల్లు కొనుక్కున్న తెలుగువారు తమ దస్తావేజు ఒకసారి చూసుకోవాలి. అలాంటి షరతు కనిపిస్తే, అది చెల్లదని కౌంటీ కార్యాలయంలో ఉచితంగా నమోదు చేయించుకోవచ్చు.