అన్నిటికీ 90 నంబరే

పాత అవుట్‌బోర్డు మోటార్లను కాపాడుతున్నామని మేం గొప్పగా చెప్పుకుంటాం. రంగు అప్పటి ఛాయలోనే ఉండాలని నెలల తరబడి వెతుకుతాం. మూత మీది అక్షరం వంకరపోతే ఒప్పుకోం. ప్రొపెల్లరును తిప్పే గేర్లుండే లోయర్ యూనిట్‌లో ఏం పోయాలని కొత్తగా చేరిన కుర్రాడు అడిగితే మాత్రం, "90 నంబరు గేర్ ఆయిల్ పొయ్యవోయ్" అని తేల్చేస్తాం. అది ఏ కాలపు మోటారో కూడా అడగం. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం మేం.

ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీలో మోటార్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఆ తొలి దశాబ్దాల మోటార్లలో చాలావాటికి షాఫ్టు చుట్టూ ఇప్పటిలాంటి రబ్బరు సీలు లేదు. షాఫ్టు కంచు బుష్‌లో తిరుగుతుంది, ఆ సందును మూసేది గ్రీజే. అలాంటి దాంట్లో గ్రీజుకన్నా పల్చనైన ఆ 90 నంబరు నూనె పోశాం. నూనె బయటికి కారింది, నీరు లోపలికి చేరింది. విస్కాన్సిన్, మిన్నెసోటా సరస్సుల మీద మా పడవల వెనక రంగురంగుల పొర తేలుతుంటే, "పాతది కదా, ఆమాత్రం కారుతుందిలే" అని నవ్వుకున్నాం. ఆ సరస్సు నీళ్లు మా సొంతమైనట్టు!

గ్రీజు సంగతి తెలిసినవాళ్లం చేసిందీ అంతంతే. చక్రాల బేరింగులకు వాడే గట్టి గ్రీజును కూరాం. గేరు పళ్లు దాన్ని పక్కకు తోసేసి, ఆ గాడిలో ఎండగానే తిరుగుతాయి. పళ్ల మీదికి మళ్లీ జారి వచ్చే మెత్తటి గ్రీజు, 00 గ్రేడు లాంటిది కావాలి. అలాగని సీళ్లున్న తర్వాతి కాలపు మోటారులో గ్రీజు కూరినా తప్పే, అక్కడ కావలసింది నూనె.

1960లలో జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లకు విద్యుత్తుతో గేరు మార్చే ఏర్పాటు వచ్చింది. లోపల కాయిళ్లు, బిగుసుకుని పట్టే స్ప్రింగులు. వాటికోసం కంపెనీ టైప్ సి అనే నూనెను ప్రత్యేకంగా చెప్పింది. అందులోనూ చిక్కటి 90 నంబరే పోశాం. గేరు పట్టకపోతే వైరింగును తిట్టి, మోటారును విడిభాగాల కింద అమ్మేశాం.

ఆ రెండు పేర్లూ నడిపిన ఓఎంసీ కంపెనీ 2000 డిసెంబరులో దివాలా తీసింది. ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. ఇక అడగడానికి ఫ్యాక్టరీ లేదు. మాన్యువళ్లు మా అల్మారాల్లోనే ఉన్నాయి, నూనె గురించిన పేజీతో సహా. మేం మాత్రం ఏ బ్రాండు గొప్పదని పోట్లాడుకున్నాం.

చలికాలం రాకముందే లోయర్ యూనిట్ అడుగు మర విప్పి చూడాలి. నీరుంటే అది బరువు కనుక ముందు అదే వస్తుంది, నూనెలో కలిసిపోయి ఉంటే తెల్లబారి వస్తుంది. చూడకుండానే షెడ్డులో పెట్టేశాం. గడ్డకడితే నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది, అల్యూమినియం కేసింగు పగులుతుంది. నింపేటప్పుడు కింది రంధ్రం నుంచి ఎక్కించి, పై రంధ్రంలో కనిపించేదాకా ఆగాలని, ఆ మరల కింది వాషర్లు మార్చాలని కూడా ఎవరికీ ఓపికగా చెప్పలేదు.

కొన్ని జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లలో ఆ అడుగు మర దగ్గరే మరో మర ఉంటుంది, లోపల గేరు మార్చే భాగాన్ని పట్టి ఉంచేది. పొరపాటున దాన్ని విప్పితే ఆ భాగం జారిపోతుంది, యూనిట్ మొత్తం విప్పాల్సిందే. మాలో పాతవాళ్లందరికీ ఇది తెలుసు. కుర్రాడు దాన్ని విప్పేశాకే చెప్పాం. పైగా, "పోనీలే, ఇంకో లోయర్ యూనిట్ కొనుక్కో" అని సలహా ఇచ్చాం.